నల్ల కోటింగ్ కింద తుప్పు దాచొద్దు

ప్రశ్న: నా కారుకి ఆరేళ్లు. మొన్న సర్వీసింగ్‌లో పైకి లేపినప్పుడు చూస్తే, సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద, ఇంజిన్ కింది ఫ్రేమ్ అతుకుల దగ్గర పెయింట్ లేచిపోయి ఎర్రగా ఉంది. మందంగా రబ్బరు కోటింగ్ కొట్టించేస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పైపైన ఎర్రబడటం వేరు, ఇనుము తినేయడం వేరు. ముందు అదేదో తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి, లోపలికి దిగినా, పొరలు పొరలుగా రాలినా అది పెయింట్‌తో తీరే సమస్య కాదు, మెకానిక్‌కి చూపించాల్సిందే. గట్టిగా ఉంటే మాత్రం కాపాడుకోవచ్చు.

కానీ తుప్పు మీద నేరుగా రబ్బరు కోటింగ్ కొట్టించకండి, దయచేసి. కొన్నేళ్లకి అది గట్టిపడి చిట్లుతుంది, ఆ సందుల్లోంచి దిగిన నీళ్లు ఆరే దారి లేక అక్కడే నిలుస్తాయి, పైకి అంతా నల్లగా శుభ్రంగా కనిపిస్తుంటే లోపల ఇనుము పోతూనే ఉంటుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పక్కనున్న మంచి పెయింట్ కూడా ఉబ్బి లేచిపోతుంది.

బురదంతా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద ఏం పూసినా దండగే. తర్వాత వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పు, పెయింట్ గీకేసి, గట్టిగా పట్టుకుని ఉన్న పెయింట్ అంచు దొరికేదాకా వెళ్లి, ఆ అంచుని గరుకు కాగితంతో నున్నగా చేయండి. మెరిసే ఇనుము బయటపడితే జింక్ ప్రైమర్ మంచిది, ఎందుకంటే ఇనుము కంటే ముందు జింక్ తానే తినబడుతుంది, అయితే అది నేరుగా ఇనుముని తాకితేనే పని చేస్తుంది. గుంతల్లో తుప్పు పూర్తిగా ఊడిరాకపోతే అక్కడ రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే ద్రవం) పూయండి. ఆపైన ఛాసిస్ పెయింట్, అది బాగా ఆరాక మైనం లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) రకం పూత. ఈ చివరి పూత మెత్తగానే ఉండి అతుకుల సందుల్లోకి పాకుతుంది. నాకు నచ్చేది అందుకే. కాకపోతే రాళ్లకి, నీళ్లకి అరిగిపోతుంది కాబట్టి ఏడాదికోసారి చూసి మళ్లీ వేయాలి.

బ్రేక్ డిస్క్‌లు, ప్యాడ్‌లు, సైలెన్సర్, సెన్సార్ల మీద ఏదీ పడనివ్వకండి. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లకి పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బిపోతాయి. నీళ్లు కారే రంధ్రాలు మూయొద్దు. బ్రేక్ పైపులకి తుప్పు గుంతలు పడితే పెయింట్ ఆలోచనే వద్దు, మార్పించేయండి. కింద దూరి పని చేసేటప్పుడు జాకీ ఒక్కటే నమ్ముకోకండి, స్టాండ్‌లు తప్పనిసరి.

ప్రశ్న: సముద్రం పక్క రోడ్ల మీద తిరిగితే ప్రత్యేకంగా ఏం చేయాలి?

జవాబు: కింది భాగాన్ని తరచూ మంచినీళ్లతో కడగండి, చక్రాల గూళ్ల లోపల కూడా. ఉప్పు తేమని పట్టి ఉంచి తుప్పుని వేగంగా పెంచుతుంది. ప్రెషర్ వాషర్ వాడితే వైర్ల కనెక్టర్లకి దూరంగా పట్టుకోండి.