ఏడుతో ఆగిన చదువు, ఇరవై ఆరేళ్ల వయసు: ఏది ముందు?

పరకాల మండలంలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి రాశారు: "తమ్ముడి చదువు కోసం మా అమ్మాయిని ఏడో తరగతిలో మాన్పించాం. ఇప్పుడు 26 ఏళ్లు. భర్త పోయాక నాలుగేళ్ల బాబుతో మా ఇంటికే వచ్చింది. పత్తి ఏరిన కూలి లెక్క నోటితో చెబుతుంది గానీ బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది. హనుమకొండలో డబ్బు కట్టి మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయమంటున్నారు. అది మంచిదా, ఓపెన్ పది మంచిదా? మొద్దుపిల్ల, ఈ వయసులో చదువు వస్తుందా?"

అమ్మా, మీరు అడిగింది రెండు దారుల గురించే అయినా మీ అసలు భయం ఆఖరి వాక్యంలో ఉంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. చదువు తప్పకుండా వస్తుంది. ఏడేళ్లు బడికి వెళ్లిన మనిషికి అక్షరం పూర్తిగా పోదు, వాడని కొడవలిలా మొద్దుబారుతుంది, అంతే. కిలోల లెక్కన కూలిని నోటితో కట్టగలిగే అమ్మాయికి గణితం సగం వచ్చినట్టే. దానిని కాగితం మీద పెట్టడం మాత్రమే ఆమె నేర్చుకోవాలి. బడి మాన్పించిన నిర్ణయం మీది, "మొద్దు" అన్న పేరు మాత్రం ఆమెకు పెట్టారు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసీ అంటున్నాను, ఎందుకంటే ఆ పేరు రోజూ వినే మనిషి పుస్తకం తెరవడానికే జంకుతుంది.

ఆ మూడు నెలల కోర్సు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కంప్యూటర్ తెర మీద కనిపించేది చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. కూడబలుక్కుని చదివే వ్యక్తి ఏ మీట ఎక్కడుందో కంఠస్థం చేయగలదు గానీ, ఒక పేరును, ఒక చిరునామాను, ఒక ఆధార్ నంబరును తప్పు లేకుండా ఎక్కించలేదు. పని ఇచ్చేవారు చూసేది సరిగ్గా దానినే. ఉద్యోగం ఖాయమన్న వారిని ఏ సంస్థలో, ఏ ఊళ్లో, ఎంత జీతానికో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ ఉద్యోగం హైదరాబాద్ శివార్లలో అయి, హాస్టల్లో ఉండాల్సి వస్తే నాలుగేళ్ల బాబును ఎవరు చూస్తారు? పైగా పల్లెల్లోని పేద యువతకు ఉచితంగా శిక్షణ ఇవ్వడానికి దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లోనే మొదలైంది. అటువంటప్పుడు అప్పు చేసి ఫీజు కట్టడం ఎందుకు?

ఓపెన్ పది మంచిదే, కానీ అది రెండో మెట్టు. సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో, పదికి చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి గట్టెక్కనక్కరలేదు, ఐదేళ్ల గడువులో కొన్ని కొన్నిగా పూర్తి చేసుకోవచ్చు. దరఖాస్తు సంగతులు ఓపెన్ స్కూల్ కేంద్రంలోనే చెబుతారు.

మొదటి మెట్టు తడబడకుండా చదవడం, రాయడం, లెక్క కట్టడం. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన మెగా టెక్స్‌టైల్ పార్కు వల్ల మన వైపు ఆడపిల్లలు కుట్టుపని వైపు చూస్తున్నారు. ఆ పనిలోనూ సైజు చీటీ చదవాలి, టేపు మీద పావు అంగుళానికీ ముప్పావుకూ తేడా తెలియాలి, నెలాఖరున జీతం చీటీలో పీఎఫ్ కోత ఎంతో చూసుకోవాలి. అందుకని పాఠాలు ఇంట్లోని కాగితాలతోనే మొదలుపెట్టండి: వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మినప్పుడు తూకం, ధర, కోతలు రాసి ఇచ్చిన తక్‌పట్టీ, కరెంటు బిల్లు, బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే సందేశం. తక్‌పట్టీలో తూకాన్ని ధరతో గుణించి, కోతలు తీసేసి, చేతికి వచ్చిన మొత్తం సరిపోయిందో లేదో ఆమె చేతే తేల్చించండి. 15 ఏళ్లు దాటిన వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2027 వరకు ఉల్లాస్ అనే అక్షరాస్యత కార్యక్రమం పెట్టింది. అందులో వాలంటీర్లు నేర్పుతారు, చదవడం, రాయడం, లెక్కలు మూడింటికీ కలిపి 150 మార్కుల పరీక్ష ఉంటుంది. మీ ఊరి బడి హెడ్మాస్టరునో, మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏనో అడగండి.

అయితే మొదటి గురువు ఇంట్లోనే ఉన్నాడు. ఎవరి చదువు కోసం ఆమె బడి మానిందో ఆ తమ్ముడు రోజూ రాత్రి అన్నాలయ్యాక అరగంట అక్క పక్కన కూర్చోవాలి. ఇది ఆమెకు చేసే ఉపకారమని అతను అనుకోకుండా మీరు చూడాలి. ఆ అరగంట ఆమెకు అంట్లు, బట్టలు అప్పగించకండి, బాబును మీరు ఎత్తుకోండి, ఆమె తప్పు చదివినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకుండా చూడండి.