ఇంట్రో దగ్గరే ఆగిపోతే ఎలా?

ప్రశ్న: సార్, ది ఎక్స్‌ఎక్స్ అనే లండన్ బ్యాండ్ ఫస్ట్ ఆల్బమ్ ఈమధ్యే మొత్తం విన్నా. అందరూ మొదటి ట్రాక్ ‘ఇంట్రో’ ‘ఇంట్రో’ అంటారు గానీ నాకు మాత్రం చివర్లో వచ్చే ‘ఇన్ఫినిటీ’ తెగ పట్టేసింది. మా రూమ్మేట్ ఏమో ఇందులో పాటెక్కడుందిరా, ఎవడో గిటార్ ట్యూన్ చేసుకుంటున్నట్టుంది అంటున్నాడు. వాడికేం చెప్పమంటారు?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఫోన్ స్పీకర్లో వినిపించడం మానేసి హెడ్‌ఫోన్స్ పెట్టించండి. ఈ బ్యాండ్ పాటల్లో బేస్ గిటార్ వినపడకపోతే ఇక మిగిలేది చాలా తక్కువ, మీవాడు విన్నది ఆ తక్కువే అయ్యుంటుంది.

‘ఇంట్రో’ ఫేమస్ అవ్వడంలో వింతేం లేదు. రెండు నిమిషాల ముక్క, లిరిక్స్ లేవు, ఎక్కడైనా అతికించుకోవచ్చు, టీవీలో తెగ వాడేశారు, 2011లో రిహానా కూడా ఆ ముక్కని తన ఓ పాటలో శాంపిల్‌గా వాడుకుంది. 2009లో వచ్చిన ఆ ఆల్బమ్‌కి మరుసటేడు బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది, అయినా 11 ట్రాకుల్లో తొమ్మిదోదైన ‘ఇన్ఫినిటీ’ దాకా ఓపిగ్గా వెళ్లేవాళ్లెంతమంది చెప్పండి.

‘ఇన్ఫినిటీ’లో గిటార్ తీగ లాగి వదిలేసినట్టు సాగుతుంది. అమెరికన్ గాయకుడు క్రిస్ ఐజాక్ పాత పాట ‘వికెడ్ గేమ్’ గుర్తొచ్చిందా? రివ్యూలు రాసినవాళ్లకీ గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ బాధపడేది ఒక్కడే, ఇక్కడ ఇద్దరున్నారు. బ్యాండ్‌లో పాడే రోమీ, ఆలివర్ చిన్నప్పట్నించీ ఫ్రెండ్స్, ఎవరి లైన్లు వాళ్లు విడిగా రాసుకుని ఒకళ్లకొకళ్లు పంపుకునేవాళ్లు, అందుకేనేమో మనకి అలవాటైన డ్యూయెట్‌లా ఒకళ్ల లైన్‌ని ఇంకొకళ్లు ముద్దుగా అందుకోవడం ఉండదు. ఒకరు వదిలెయ్ అంటారు, ఇంకొకరు వదల్లేను అంటారు, మళ్లీ అదే, మళ్లీ అదే, ఇద్దరూ గొంతు పెంచరు, గొడవ తేలదు. తలుపేసుకున్న పక్కింటి మొగుడూపెళ్లాల మాటలు గోడలోంచి వింటున్నట్టుంటుంది నాకైతే.

ఇక ఆ దెబ్బ! బ్యాండ్‌లో బీట్లు చేసే జేమీ స్మిత్ బీట్‌లో మధ్యమధ్యలో గట్టిగా పడేది. ఒకటి పడ్డాక చాలాసేపు ఏమీ ఉండదు, మనం తెలీకుండానే రెండోదానికోసం కాచుక్కూర్చుంటాం. స్టేజీ మీద తాము వాయించలేనిది రికార్డులో పెట్టకూడదని వీళ్లకో పట్టింపు ఉండేది, ఇంత ఖాళీ అక్కణ్ణించి కూడా వచ్చింది. ఇంకెవరైనా అయితే ఆ ఖాళీలో నాలుగు వయొలిన్లు కుక్కేసేవాళ్లు. ట్యూనింగ్ అన్నాడు కదా మీవాడు, స్వరాలు తక్కువన్న మాట నిజమే, కానీ ట్యూనింగ్ చేస్తుంటే తర్వాతి స్వరం కోసం ఎవరైనా ఎదురుచూస్తారా?

ఐదు నిమిషాలు దాటుతుంది, చివర కొంచెం సాగదీశారనిపిస్తుంది నాకు, ఒప్పుకుంటా. మీకింతగా నచ్చితే అదే ఆల్బమ్‌లో ‘ఫాంటసీ’ కూడా వినండి, ఆలివర్ ఒక్కడే పాడతాడు, రెండున్నర నిమిషాలే. రూమ్మేట్‌కి మాత్రం అది ఇప్పుడే పెట్టకండి, అందులో ఇంకా తక్కువుంటుంది.