ఇంగ్లీషు దొరసానికి పైట ఉంటుందా?

సందేహం: గురువుగారికి నమస్కారం. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఇంగ్లీషు ప్రేమ నవలలు తెలుగు చేస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్న కథ 1813లో లండన్‌లో జరుగుతుంది. నాట్యశాలలో నాయకుడు ఎదురుపడేసరికి నాయిక భుజం మీది షాల్ జారిపోతుంది. నేను ‘పైట జారింది’ అని రాశాను. బీచ్ రోడ్డులో నాతో నడిచే స్నేహితురాలు అది చదివి, ‘గౌను వేసుకున్నావిడకి పైటెక్కడిదే?’ అని ఒకటే నవ్వు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. అక్కడ పైట అనవచ్చా? పైట, పయిట, పయ్యెదల్లో ఏది సరైనది? గౌను, కార్సెట్, బానెట్ లాంటివాటికి తెలుగు మాటలు చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ స్నేహితురాలు నవ్వడంలో న్యాయం ఉంది. అయినా మీరు రాసింది శుద్ధ తప్పని కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త చుట్టు తిరగాలి, ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి. పైట అనేది బట్ట పేరు కాదు. పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఒక పైట ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, చీర ఇస్తారు. ఆ చీరలో ఎదమీదుగా వెళ్లి భుజం ఎక్కిన మేర పైట అవుతుంది. చీర మడతపెట్టి బీరువాలో పెట్టారా, ఇక పైట లేదు. కొంగు అలా కాదు. మడతలో ఉన్నా, దండెం మీద ఉన్నా కొంగు కొంగే, ఎందుకంటే అది చీర చివర. చెంగు, చెరగు దాని చుట్టాలు. వాటి జోలి ఇప్పుడొద్దు.

పైటకు పాత రూపం పయ్యెద. పై, ఎద కలిస్తే పయ్యెద. కలిసినచోట యకారానికి ఒత్తు పడింది. ‘ఎద మీద ఉండేది కనక ఎదపై అనాలి కదా’ అని లోగడ ఒక కుర్రవాడు నాతో వాదించాడు. చేతికి ముందు భాగం ముంజేయి అయినట్టు, ఎదకు పైభాగం పయ్యెద. అంటే మొదట అది ఒంటి మీద ఒక చోటు అయి ఉండాలి, ఆ చోటును కప్పిన బట్టకు తరవాత అదే పేరు దిగి ఉండాలి. ఇది నా ఊహ. అయితే ఇలాంటి జరుగుబాటు మనకొక్కరికే కాదు. మీ నవలల్లో మాటిమాటికీ వచ్చే ‘బాడిస్’ ఏమిటనుకున్నారు? బాడీ అన్నమాటకు బహువచనం. ఒంటి పేరే ఒంటిని పట్టి ఉండే బట్టకు వచ్చింది. మన అమ్మల తరంవాళ్లు లోపల తొడుక్కునేదాన్ని ‘బాడీ’ అనే అనేవారు. అది వినపడితే ఇంగ్లీషు రాని మాటని నవ్వేవాళ్లం. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇక్కడొక చిక్కుంది, దాచను. పాత నిఘంటువులు పైఁట అని అరసున్న పెట్టి రాస్తాయి. అరసున్న ఉందంటే ఒకప్పుడు అక్కడ నిండు సున్న పలికి ఉండాలి. పయ్యెదలో సున్న లేదు. పైగా ‘ద’ ఉత్తపుణ్యానికి ‘ట’ కాదు. కాబట్టి పయ్యెద నలిగి పైట అయిందా, లేక పక్కపక్కనే బతికిన రెండు మాటలు అర్థంలో కలిసిపోయాయా అన్నది నేను తేల్చి చెప్పను. పైట, పయిట రెండూ రాయవచ్చు. ‘పై ఎద’ అని విడదీసి మాత్రం రాయకండి. అన్నట్టు, పయ్యెర అంటే గాలి. పయ్యెద, పయ్యెర ఎంత దగ్గరగా వినిపిస్తాయో చూశారా? మన బీచిలో సాయంత్రం పూట ఆ రెండింటికీ ఒక్క క్షణం పొసగదు.

మాట పుట్టుక నిఘంటువులో కంటే పాటలో బాగా వినపడుతుందని నా నమ్మకం. ‘ఏమొకో చిగురుటధరమున’ అన్న అన్నమయ్య పాట మీరు వినే ఉంటారు. నాయిక ఒంటి మీది గుర్తులు చూసి చెలికత్తెలు ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. చిగురు లాంటి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి, అది ఆమె విభునికి రాసిన పత్రిక కాదు కదా అంటూ మొదలవుతుంది. ప్రేమ నవలకి ఇంతకు మించిన మొదటి పేజీ ఏముంటుంది? లోపలి చరణం ఇది:

‘పడఁతికి చనుఁగవ మెఱుఁగులు పైపైఁ బయ్యద వెలుపల
కడుమించిన విధమేమో కనుఁగొనరే చెలులు’

పయ్యద అన్నా పయ్యెద అన్నా ఒకటే. పాదం పైకి చదవండి. పై, పై, పయ్యద! ఒకే పాదంలో పై అన్న చప్పుడు మూడుసార్లు. మాట ఎలా పుట్టిందో అన్నమయ్య పాఠం చెప్పలేదు, తాళం వేసి వినిపించాడు. ‘పైపై’ అంటే పైకి పైకి వస్తున్న మెరుపు. ఆ మెరుపుని ఆపాల్సింది పయ్యద, ఆపలేకపోయింది. ఎందుకట? ప్రియుడు ఒత్తిన గోటి నెలవంకలు బయటికి వెడలగా వచ్చిన వేసవి వెన్నెల కాదు కదా అంటారు చెలులు. పైట ఇక్కడ జారలేదు, ఎగరలేదు, ఉన్నచోటే ఉంది. కప్పుతూనే చెప్పేసింది. 1970ల వారపత్రికల సీరియళ్లలో వారం తప్పకుండా పైట జార్చిన మన రచయితలు ఈ రెండు పాదాలు ఒక్కసారి చదువుకుని ఉంటే ఎన్ని పేజీలు మిగిలేవో!

జారే పయ్యెద అన్నమయ్యకు తెలియక కాదు. ‘కులుకక నడవరో కొమ్మలాలా’లో ‘పయ్యెద చెఱగు జారీ’ అని ఉంది. అయితే అక్కడ పల్లకి మోసే అమ్మాయిలను మెల్లగా నడవమని గదమాయించడం, అమ్మవారి నుదుట చెమట చూసి అయ్యో అనడం. అందులో ఉన్నది జాలి. మాట ఒకటే, గుండె వేరు.

ఇంత ముచ్చటైన మాట ఉండగా మన చీరల దుకాణాలకు ‘పల్లూ’ కావలసి వచ్చింది. సాక్షాత్తూ మన ఊళ్లోనే ఒక దుకాణం ముందు ‘గ్రాండ్ పళ్లు పట్టుచీరలు’ అన్న బోర్డు చూసి కాసేపు ఆగిపోయాను. హిందీ పల్లూ తెలుగు లిపిలోకి వచ్చి దంతాలు మొలిపించుకుంది. లంగా ఓణీ ‘హాఫ్ శారీ’ అయింది. ఓణీ కూడా హిందీ ఓఢ్నీకి చుట్టమేగా అంటారేమో. అవును, కానీ అది మన ఇంట్లో కాపురం చేసి చాలాకాలమైంది.

సరే, మీ లండన్ నాట్యశాలకి వస్తాను. పైట ఎప్పుడూ చీరలో భాగమేనా, విడిగా వేసుకునే ఉత్తరీయం కూడా ఒకప్పుడు పైటేనా? గజేంద్రమోక్షంలో పోతన విష్ణువుని గురించి ‘శ్రీకుచోపరిచేలాంచలమైన వీడఁడు’ అన్నాడు. లక్ష్మి పైటకొంగు వదలకుండానే పరుగెత్తాడన్నమాట. కాస్త ముందుకి వెళితే ఆవిడ ‘శాటీముక్తకుచంబుతో’ అనీ, ‘కరాలగ్నోత్తరీయంబుతో’ అనీ ఉంది. శాటి అంటే చీర, అది ఒకటి; ఉత్తరీయం అంటే పైబట్ట, అది ఒకటి. స్వామి చేతిలో ఉన్నది ఉత్తరీయం. అంటే ఎదను కప్పే కొంగు విడి బట్టదై ఉండవచ్చు కూడా. మీ దొరసాని షాల్‌ను ఎదమీదుగా కప్పుకుని ఉంటే, పాత అర్థంలో దాన్ని పయ్యెద అన్నందుకు మిమ్మల్ని ఉరి తియ్యనక్కర్లేదు. ఈనాటి పాఠకుడికి మాత్రం పైట అనగానే చీరే కళ్లకి కడుతుంది. నేనైతే రాయను.

మరేం రాయాలి? శాలువ. షాల్, శాలువ ఒకే మాట. పారసీకం నుంచి మనకూ వచ్చింది, వాళ్లకూ వెళ్లింది. మాటే కాదు, సరుకూ ఇటునుంచి వెళ్లిందే. 1811 నుంచి 1820 దాకా ఇంగ్లండులో రీజెన్సీ కాలం. అప్పటి గౌన్లకు నడికట్టు నడుం దగ్గర ఉండదు, రొమ్ము కిందే ఉంటుంది. గుడ్డేమో మన పొందూరు సన్న ఖద్దరు లాంటి పల్చని మస్లిన్. ఆ దేశపు చలికి అది ఏం ఆగుతుంది? అందుకని కాశ్మీరు శాలువల కోసం ఎగబడ్డారు. అంత ఖరీదు పెట్టలేనివాళ్ల కోసం స్కాట్లండులో పేస్లీ అనే ఊళ్లో నకళ్లు నేశారు. మనం మామిడి పిందె అనే డిజైనుకి వాళ్లు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. శాలువతో ఉన్న ఇబ్బందల్లా ఒకటే. ఆ మాట వినగానే మనవాళ్లకి సన్మానసభ గుర్తుకొస్తుంది. ‘కాశ్మీరు శాలువ’ అంటే ఆ బాధ కొంత తగ్గవచ్చు.

చింట్జ్ అని పూల అద్దకం నూలుగుడ్డ వస్తే చీటిగుడ్డ అనండి, రెండూ ఒకటే. గౌను అంటే మనకు అయిదేళ్ల పిల్ల కళ్లముందు నిలబడుతుంది. ‘నేల జీరాడే గౌను’ అంటే మీ నాయికకు వయసొస్తుంది. కార్సెట్‌ను ఆ కాలంలో వాళ్లే ఎక్కువగా ‘స్టేస్’ అనేవారు. మీరు ‘వీపున తాడుతో బిగించే లోరవిక’ అని ఒకసారి వర్ణించి, తరవాత లోరవిక అంటే చాలు. పనిమనిషి మోకాలు ఆనించి లాగితే నడుం పిడికెడయిందన్న ఘట్టం 1813లో వస్తే మాత్రం అనుమానించండి. నడుమే కనపడని గౌనుకి ఆ తంటా ఎందుకు? అదంతా తరవాతి విక్టోరియా కాలం ముచ్చట.

బానెట్‌కు ‘గడ్డం కింద ముడివేసే టోపీ’ అని రాయండి. బానెట్ అనే ఉంచితే, నాయిక తలమీద కారు మూత ఎందుకుందని మీ స్నేహితురాలు మళ్లీ మొదలుపెడుతుంది.