అమెరికాలో ఓపియాయిడ్ (హెరాయిన్, ఫెంటానిల్, కొన్ని రకాల నొప్పి మాత్రల్లాంటి మత్తు పదార్థాలు) వ్యసనంపై ప్రభుత్వం ఇచ్చే డబ్బు మామూలు ఊళ్లకు ఎలా చేరుతుంది?

ఎక్కువ భాగం రాష్ట్రాల ద్వారానే చేరుతుంది. 2016 డిసెంబరులో వచ్చిన క్యూర్స్ చట్టం రెండేళ్లకు 100 కోట్ల డాలర్లు కేటాయించింది. 2018 నుంచి స్టేట్ ఓపియాయిడ్ రెస్పాన్స్ గ్రాంట్లు వస్తున్నాయి. వ్యసన చికిత్స, మానసిక ఆరోగ్యం చూసే శాంసా అనే కేంద్ర సంస్థ రాష్ట్రాలకు ఇస్తే, అవి కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి), క్లినిక్‌లకూ, స్వచ్ఛంద సంస్థలకూ పంచుతాయి. పల్లెటూళ్లకు వేరే గ్రాంట్లు ఉన్నాయి.

ఆ డబ్బుతో ఏం కొంటారు? ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ స్ప్రే ఒకటి. ఓపియాయిడ్ మోతాదు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషి ముక్కులో ఒక్కసారి కొడతారు, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తారు. రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో ముక్కు రంధ్రంలో మరో డోసు. లైబ్రరీ ఉద్యోగి కూడా వాడగలిగేంత తేలిక. ప్రాణం నిలబెట్టే ఇలాంటి వస్తువు ఊళ్లో ఉచితంగా దొరకడం కన్నా మంచి ఖర్చు నాకు కనిపించదు.

కానీ అసలు పని ఆ తర్వాతే. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులతో నెలలు, ఏళ్ల తరబడి చికిత్స సాగాలి. గ్రాంటు గడువు ముగిస్తే కౌన్సెలర్ ఉద్యోగం పోతుంది, మధ్యలో ఆగిన మనిషికి మళ్లీ ప్రమాదం మొదలవుతుంది. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇవి కాక, మందుల కంపెనీలు, పంపిణీదారులు, ఫార్మసీలు ఓపియాయిడ్ల అమ్మకాలపై తమ మీద పడిన కేసుల రాజీ కింద 5,000 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఇది పన్నుల డబ్బు కాదు, ఏళ్ల తరబడి విడతలుగా వస్తుంది. మీ కౌంటీ దాన్ని దేనికి ఖర్చు పెడుతోందో సమావేశానికి వెళ్లి అడగొచ్చు.