ట్యాంకు జోలికి మాత్రం పోకు

చిన్నా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నీ మేనల్లుడు చూడరా, జాలారిపేటలో ఎవరి పెరట్లోనో పడున్న యమహా ఆరెక్స్ హండ్రెడ్ బండి కొని ఆటోలో వేసుకొచ్చాడు, మెట్ల కింద పెట్టుకుని విప్పుతాడట" అని ఒకటే గోల. నాకు మాత్రం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మనింట్లో నా తరవాత పానా పట్టినవాడివి నువ్వే. సంతోషపడ్డా గానీ నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆర్సీ. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు దాంతో కలిశాకే రూపాయి ఖర్చుపెట్టు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, నీది ఆఖరి బండైనా 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ఎప్పుడో తీరిపోయింది. ఆ తరవాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించారో లేదో కనుక్కో. విప్పేముందు ప్రతిదీ ఫొటో తియ్యి. బిగుసుకుపోయిన బోల్టు మీద బలం చూపించకు, నూనె పోసి రాత్రంతా వదిలెయ్. సముద్రం పక్కన నానిన బండి అది. పైకి కనిపించే తుప్పుకి భయపడకు, మడ్‌గార్డు అడుగున, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ లోపల, వైరు కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుముకి భయపడు.

వెనక చాసిస్ కోసి ఒంటి సీటు వేస్తావట. వద్దు నాన్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, అది ఒక సంగతి. కోసి అతికిన గొట్టం అతుకు పక్కనే బీట ఇస్తుంది, అది ఇంకో సంగతి, నాకు అదే ముఖ్యం. హ్యాండిల్ మార్చుకో, సీటు కుట్టించుకో, రంగు మారిస్తే ఆర్సీలో రాయించుకో. సైలెన్సరు కోయకు. నీ బండిలాంటి టూ స్ట్రోకు ఇంజిన్లో సైలెన్సరు శబ్దం ఆపడానికే కాదు, దాని లోపలి ఆకారం వల్లే పొగ ఒత్తిడి వెనక్కి తన్ని, బయటికి పోబోయే కొత్త పెట్రోలుని మళ్ళీ సిలిండర్లోకి నెడుతుంది. కోస్తే చప్పుడు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది.

ఇప్పుడు ట్యాంకు. అడుగున చిల్లులున్నాయని, సందు చివర వెల్డింగ్ షాపులో అతికిస్తావని అక్క అంది. నాకు నిద్ర పట్టనిది ఆ మాటకే.

షిప్‌యార్డులో నా పక్కనే పనిచేసిన వెల్డరు ఒకాయన ఉండేవాడు. నాకు వెల్డింగ్ హోల్డరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఓడలో ఏ ట్యాంకులోనైనా గ్యాస్ లేదని పరీక్ష చేసి కాగితం చేతికిచ్చేదాకా నిప్పు ముట్టించేవాడు కాదు, మమ్మల్ని ముట్టించనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం గాజువాకలో తన ఇంటి ముందు, పక్కింటివాళ్ళ బండి ట్యాంకు అతకడానికి కూర్చున్నాడు. "నెల్లాళ్ళ నుంచీ ఖాళీగానే ఉందన్నా, వాసన కూడా లేదు" అన్నాడు పక్కింటాయన. ఈయన మూత తీసి వాసన చూశాడు, తలూపాడు. నేను అరుగు మీద టీ తాగుతున్నాను. రాడ్డు ఆనించాడో లేదో, ట్యాంకు అతుకు పొడవునా విచ్చుకుని అట్టపెట్టె విప్పినట్టు పరుచుకుపోయింది. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు మాత్రం మళ్ళీ మడత పడలేదు. అంత పనిమంతుడు ఆ తరవాత ఎప్పుడూ హోల్డరు పట్టలేదు. ఆసుపత్రిలో నేనెళ్ళి కూర్చుంటే ఆయన "పక్కింటాయన్ని ఏమీ అనకండ్రా" అన్నాడు.

ఎందుకలా అయిందో తెలుసుకో. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ళ మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. నిండు ట్యాంకు లోపల ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది, ఖాళీ ట్యాంకులోనే సరిగ్గా ఆ పాళ్ళు కుదురుతాయి. తుప్పు పొరల్లో, అతుకు మడతల్లో పాత పెట్రోలు దాగుంటుంది. చల్లగా ఉన్నప్పుడు వాసన రాదు, వేడి తగలగానే బయటికొస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. మీ మెట్ల పక్కనే అక్క వంటిల్లు ఉందని నీకు గుర్తు చెయ్యాలా?

అందుకని చిల్లు ఎంత చిన్నదైనా ఇంట్లో వద్దు, సందు చివరా వద్దు. ట్యాంకులు వేడినీళ్ళతో పదేపదే కడిగి, నీళ్ళు నింపి ఇత్తడి అతుకు వేసే పాతవాళ్ళ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. పనికిరాదంటే వేరే ట్యాంకు కొందాం, డబ్బు నేనిస్తాను. లోపలి తుప్పుకి నిమ్మ ఉప్పు నీళ్ళు చాలు. మూత తెరిచి ఉంచు, తరవాత వంట సోడా నీళ్ళతో కడుగు, ఆరగానే టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోకు ఇంజిన్లో వాడే నూనె) పూత పట్టించు. పాత రబ్బరు పైపులన్నీ పారెయ్, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి అవి నిలవవు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌కి ఆ నూనె అందించే ఆయిల్ పంపుని నమ్మకు, గొట్టంలో గాలి ఉంటుంది. గాలి తీసేసినా సరే, లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ-టీ కలిపి పొయ్యి. ఇంజిన్లో క్రాంకు షాఫ్టుకి ఉండే రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉంటాయి, మార్చకుండా తోలితే పిస్టన్ పట్టేస్తుంది. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్ము నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఓడల్లో ఆ దుమ్ము పీల్చినవాళ్ళ దగ్గు నేను విన్నాను.

సింహాచలం కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి గేరులో దిగకు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది గానీ ఆయిల్ సరిగ్గా అందదు. మధ్యమధ్యలో కాస్త తిప్పుతూ దిగు. హెల్మెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదు అనుకుంటున్నా, అయినా చెబుతున్నా.

ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. ఈలోగా ఆరుబయట ట్యాంకులో మిగిలింది రేకు డబ్బాలోకి వంపేసి మూత బిగించు, డబ్బానీ ట్యాంకునీ మెట్ల కింద నుంచి తీసి పెరట్లో నీడన పెట్టు. ఇంపాక్ట్ స్క్రూడ్రైవరు, బేరింగు పుల్లరు నా దగ్గరున్నాయి, కొనకు. మ్యాగ్నెట్ పుల్లరు మాత్రం ఆ బండిదే కావాలి, ఆటోనగర్లో అడిగి తెస్తాను. అక్కని కంగారు పడొద్దని చెప్పు.

మీ మావయ్య