మొహం ఉబ్బు సరే, ముందు ఆ జుట్టు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 27, బరువు 48 కిలోలు. రెండు నెలల కిందట చిన్నపేగు చివర్లో క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉందని కొలనోస్కోపీ, బయాప్సీల్లో తేలింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, తగ్గిస్తూ ఇప్పుడు 20కి వచ్చాను. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మూడు వారాల నుంచి అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించి జబ్బును అదుపు చేసే మందు) కూడా వాడుతున్నాను. మొదటి పది రోజులు 50 మి.గ్రా., ఆ తర్వాత 100. విరేచనాలు తగ్గాయి గానీ, పొద్దున పూట వికారంగా ఉంటోంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. ఐదు రోజులుగా దువ్వెన పెడితే జుట్టు గుత్తులుగా ఊడి వస్తోంది. రెండు వారాల కిందట చేయించిన రక్తపరీక్ష బాగానే ఉంది. స్టెరాయిడ్ ఆపేసి నాటు మందు వాడదామని ఇంట్లో అంటున్నారు. పెళ్లయి ఏడాదైంది, పిల్లల కోసం చూస్తున్నాం. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు మొహం ఉబ్బు గురించి ముందు రాశారు, జుట్టు గురించి చివర్లో రాశారు. నేను మాత్రం జుట్టు దగ్గరే మొదలుపెడతాను. మీరు ఆపేద్దామనుకుంటున్న ప్రెడ్నిసొలోన్ ఒక్క రోజు కూడా మానకూడని మందు. ఆపాలన్న ఆలోచనే రాని అజాథయోప్రిన్‌ని మాత్రం మీ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి, రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆపండి. నెమ్మదిగా పనిచేసే మందు కాబట్టి నాలుగు రోజులు ఆగినంత మాత్రాన జబ్బు తిరగబెట్టదు.

అజాథయోప్రిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు కుచ్చులుగా ఊడితే "నీళ్లు పడలేదు", "టెన్షన్" అని వదిలేయకూడదు. జబ్బు ముదిరిన రెండు మూడు నెలలకు మామూలుగానే జుట్టు రాలుతుంది, మీదీ అదే అయ్యుండొచ్చు. కానీ రక్తకణాల లెక్క చూడనిదే ఆ మాట అనుకోవడానికి లేదు. ఈ మందు ఒంట్లో విరిగి తయారయ్యే పదార్థాన్ని ఎన్‌యూడీటీ15 అనే ఎంజైమ్ నిర్వీర్యం చేస్తుంది. మన దేశంలో దాదాపు పదిమందిలో ఒకరికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ తక్కువ. వాళ్లలో మందు పేరుకుపోయి, వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తుంది. జుట్టు కుదుళ్లూ, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జా అలాంటివే. కుదుళ్ల దెబ్బ దువ్వెనలో కనిపిస్తుంది. మజ్జ దెబ్బ మాత్రం పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

రెండు వారాల కిందటి రిపోర్టు ఇప్పుడు లెక్కకు రాదు. అప్పటికి మీరు 50 మి.గ్రా. మీదే ఉన్నారు. అసలు మొదటి నెలంతా వారానికోసారి సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించాలి. ఇవాళే సీబీసీ, లివర్ పరీక్ష చేయించండి. తెల్లకణాలు 3,500 కంటే తగ్గినా, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 1,500 కంటే తగ్గినా, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గినా రిపోర్టు అదే రోజు డాక్టర్‌కి చేరాలి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. స్టెరాయిడ్ వాడేవాళ్లలో తెల్లకణాలు కాస్త ఎక్కువే కనిపిస్తాయి. కాబట్టి మీకు "నార్మల్" అంచున ఉన్న అంకెను కూడా తక్కువగానే చూడాలి. మందు ఆపాక కూడా కొన్ని రోజులపాటు కణాలు పడుతూనే ఉండొచ్చు. అందుకే కౌంట్ తగ్గి ఉంటే మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ చూస్తారు. ఈలోగా జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, నోట్లో పుండ్లు, గొంతునొప్పి వచ్చినా ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి.

ఎన్‌యూడీటీ15తోపాటు టీపీఎంటీ (ఈ మందును నిర్వీర్యం చేసే ఇంకో ఎంజైమ్) జన్యు పరీక్ష కూడా అడిగి చేయించండి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. రెండు జన్యు ప్రతుల్లోనూ లోపం ఉంటే ఈ మందు మీకు పనికిరాదు, దాని తమ్ముడైన మెర్‌కాప్టోప్యూరిన్ కూడా పనికిరాదు. ఒక ప్రతిలోనే ఉంటే బాగా తక్కువ డోసుతో, తరచూ పరీక్షలు చేస్తూ వాడొచ్చు. పరీక్షలు బాగుండి మందు మళ్లీ మొదలుపెడితే వికారానికి ఉపాయం ఉంది. రాత్రి భోజనం చేశాక వేసుకోవాలి, లేదా డోసును రెండు పూటలకు పంచుకోవాలి. అయితే పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు వస్తే అది వట్టి వికారం కాదు, క్లోమం వాపు కావచ్చు. లైపేజ్ అనే రక్తపరీక్షలో అదే తేలితే ఈ మందు మళ్లీ ఎప్పటికీ ముట్టుకోకూడదు.

ఇక స్టెరాయిడ్. రెండు నెలలుగా బయటి నుంచి అందుతుంటే ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారుచేసే మీ అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి. ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, అక్కడితో ఆగకుండా ప్రాణం మీదకు కూడా రావచ్చు. మీ డాక్టర్ రాసిచ్చిన ప్రకారమే మెట్టు మెట్టుగా దిగండి. మామూలుగా వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తారు. వాంతితో మాత్ర నిలవకపోతే ఆ రోజే ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోవడానికి మాత్ర వేసుకునే వేళే కారణం కావచ్చు. మొత్తం డోసు టిఫిన్ అయ్యాక, పొద్దున 9 లోపు ఒకేసారి వేసుకోండి. మొహం ఉబ్బు శాశ్వతం కాదు. డోసు బాగా దిగాక కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. ఈలోపు ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చల్లిన చిరుతిళ్లు తగ్గిస్తే నీరు చేరడం తగ్గుతుంది. షుగర్ ఒకసారి చూపించుకోండి. ఎముకలకు రోజూ తిండితో, మాత్రలతో కలిపి 1,000 మి.గ్రా. కాల్షియం, దాంతోపాటు విటమిన్ డి అందాలి. స్టెరాయిడ్ జ్వరాన్నీ కడుపునొప్పినీ మరుగుపరుస్తుంది, కాబట్టి కొద్దిపాటి నొప్పే అయినా కడుపు గట్టిపడితే తేలిగ్గా తీసుకోవద్దు.

డైక్లోఫెనాక్ మానేయండి. ఈ రకం నొప్పి మాత్రలు పేగు పుండ్లను రేపుతాయి. క్రోన్స్‌తోనే కీళ్లనొప్పులు వస్తాయి, జబ్బు అదుపులోకి వస్తే చాలామందికి అవీ తగ్గుతాయి. అప్పటిదాకా పారాసిటమాల్ 500 మి.గ్రా. చాలు. మోకాళ్ల నొప్పి అనగానే మందుల షాపులో "యూరిక్ యాసిడ్ మాత్ర" చేతిలో పెడుతుంటారు. అందులో ఉండే అల్లోపురినాల్, ఫెబుక్సోస్టాట్ అజాథయోప్రిన్‌ని ఒంట్లో నిర్వీర్యం కానివ్వవు, అది పేరుకుపోతుంది. ఆ మాత్రా, అజాథయోప్రినూ కలిస్తే రక్తకణాల కౌంట్ కుప్పకూలుతుంది. ఆ మాత్ర ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌కి ఈరోజే చెప్పాలి.

నాటు మందు వద్దనే అంటాను. అందులో ఏముందో ఇచ్చేవాళ్లకే తెలియకపోవచ్చు. రేపు లివర్ రిపోర్టు తేడా వస్తే ఏ మందు వల్లో తేల్చలేక మంచి మందును కూడా ఆపాల్సి వస్తుంది.

పిల్లల గురించి. జబ్బు కనీసం మూడు నెలల నుంచి ఆరు నెలలు సద్దుమణిగి ఉన్నాక గర్భం దాలిస్తే మంచిది. అజాథయోప్రిన్ మీకు పడితే గర్భంలోనూ కొనసాగిస్తారు. పడకపోతే ఇంకో దారి వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్. కానీ గర్భం కోసం చూస్తున్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు, బిడ్డకు అవయవలోపాలు రావచ్చు. డాక్టర్ దాని మాట ఎత్తితే పిల్లల సంగతి మీరే గుర్తుచేయండి. మీకు అడాలిముమాబ్ లాంటి బయలాజికల్ ఇంజెక్షన్ (వాపును రేపే ప్రొటీన్‌ను అడ్డుకునే మందు) సరిపోవచ్చు. అది మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ స్కిన్ టెస్ట్ లేదా రక్తపరీక్ష తప్పనిసరి. లోపల నిద్రపోతున్న టీబీ ఉంటే ఆ ఇంజెక్షన్ దాన్ని లేపొచ్చు. పైగా మన దగ్గర పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. అందుకే మీ బయాప్సీ రిపోర్టును, టీబీ కోసం చేసిన పరీక్షలేమైనా ఉంటే వాటినీ ఫైల్‌లో పైన పెట్టుకుని వెళ్లండి.