టెక్ సందేహాలు: కరెంటు బండి కంటే ముందు ఇంట్లో ప్లగ్గు చూడండి

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లి. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను. మా నాయన రిటైరయ్యాడు, 61 ఏళ్లు. ఆయన పాత స్కూటర్ ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉంటోంది. ఉగాదికి కరెంటు బండి కొని సర్‌ప్రైజ్ ఇవ్వాలని ఉంది. ఆయన రోజుకు పది పన్నెండు కిలోమీటర్లకు మించి తిరగడు. అప్పుడప్పుడు అమ్మను ఎక్కించుకుని ఒంటిమిట్టకు పోతాడు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ సర్‌ప్రైజ్ సంగతి మర్చిపోండి. బండి మీ నాన్నగారి పేరున ఉండాలి. అంటే ఆయన ఆధార్ కావాలి, సంతకం కావాలి, ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీలు కావాలి. ఓటీపీ ఎందుకో చెప్పకుండా అడిగితే ఏ తండ్రయినా ముందు మిమ్మల్నే అనుమానిస్తాడు. మీ పేరున కొని ఆయనకు ఇవ్వొచ్చు గానీ, బండి బీమాతో పాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే వర్తిస్తుంది. నడిపేది ఆయన, బీమా మీకు అయితే ఏం లాభం? ఆ బీమాకు చెల్లుబాటయ్యే లైసెన్సు కూడా ఉండాలి. ఆ వయసువాళ్ల లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయి బీరువాలో పడి ఉండటం మామూలే. రెన్యువల్‌కు డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ కావాలి. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాలి. కాబట్టి పని అక్కడ మొదలుపెట్టండి.

రెండోది, బండి ఎక్కడ ఛార్జ్ అవుతుంది? షోరూమ్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. బండితో వచ్చే మామూలు ఛార్జర్ 750 వాట్లదైతే మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. మంచి వైరింగ్ ఉన్న ఇంటికి అదేం బరువు కాదు. కానీ మూడు కిలోవాట్ అవర్ల (అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ నిండటానికి నాలుగు గంటల పైనే పడుతుంది. అన్ని గంటలు ఆగకుండా కరెంటు పారితే వదులుగా ఉన్న పాత సాకెట్ వేడెక్కి నల్లబడుతుంది. హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి కిటికీలోంచి బయటికి ఇవ్వడం అసలే వద్దు. బండి నిలిపే చోటే, వాన పడని గోడకు, మీటరు దగ్గర్నుంచి విడిగా ఒక లైను వేయించండి.

ఎర్తింగ్ కూడా పరీక్ష చేయించండి. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు పెట్టినప్పుడు ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో చూపాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మూడు నాలుగు వోల్టులు దాటకూడదు. మన సీమ ఎండలకు ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంత ఎండిపోయి పేరుకు మాత్రమే మిగులుతుంది. వేసవిలో వారానికోసారి అందులో రెండు బిందెల నీళ్లు పోయమనండి. ‘బండి ముట్టుకుంటే జివ్వుమంటోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఇక బ్యాటరీ సైజు. కంపెనీ చెప్పే రేంజ్ (ఒకసారి నింపితే పోయే దూరం) పరీక్షల్లో వచ్చిన అంకె, రోడ్డు మీద అందులో 70 శాతం వస్తే చాలనుకోండి. టౌనులో నిదానంగా పోతే కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు ఖర్చవుతుంది. ఏడు రోడ్లు, మార్కెట్టు, దేవుని కడప, ఇంతే అయితే 2.2 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ కూడా ఎక్కువే. లెక్క తప్పేది ఒంటిమిట్ట దగ్గరే. పోనూ రానూ యాభై కిలోమీటర్ల పైమాట, వెనక అమ్మ, ఎదురుగాలి ఉంటే ఇంకా తగ్గుతుంది. చిన్న బ్యాటరీతో తిరుగు ప్రయాణంలో ఆయన కళ్లు రోడ్డు మీద కాకుండా డిస్‌ప్లే మీదే ఉంటాయి. ఆ టెన్షన్ వద్దు. మూడు కిలోవాట్ అవర్లకు అటూ ఇటూ ఉన్నది తీసుకోండి. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే పని ఉంటే మాత్రం ఈ లెక్కలు పనికిరావు, ఎత్తు ఎక్కేటప్పుడు ఛార్జ్ కళ్లముందే పడిపోతుంది.

ఆయన వయసుకు వేగం కంటే రివర్స్ మోడ్ ముఖ్యం. కాలువ మీద కడప బండలు పరిచి కట్టిన ర్యాంపు మీది నుంచి వంద కిలోలు దాటిన బండిని వెనక్కి లాగడం, అదీ వాన పడి బండ జారుతున్నప్పుడు, ఎంత కష్టమో ఊహించండి. టీవీఎస్ ఐక్యూబ్, ఏథర్ రిజ్టా, బజాజ్ చేతక్, ఈ మూడింటినీ ఆయన్ని స్వయంగా నడిపి చూడమనండి. కాళ్లు నేలకు పూర్తిగా ఆనాలి. మీరు కొనే వేరియంట్‌లో రివర్స్ ఉందో లేదో అడగండి. మూడింటిలో ఏదన్నది యూట్యూబ్ చెప్పలేదు, కడపలో వాళ్ల సర్వీస్ సెంటరే చెబుతుంది. అక్కడి గేటు దగ్గర పావుగంట నిలబడి, బండి ఎన్ని రోజులకు తిరిగిచ్చారని వచ్చినవాళ్లను అడిగితే తెలిసిపోతుంది.

ధర విషయంలో పాత వీడియోలు నమ్మకండి. 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం మొదలైనప్పుడు కిలోవాట్ అవర్‌కు 5,000 రూపాయలున్న సబ్సిడీ ఆ తర్వాతి ఏడాదికే సగమైంది. ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దని, బండి చల్లారాక, వీలైతే తెల్లవారుజామున పెట్టమని ఆయనకు చెప్పండి. లిథియం బ్యాటరీని వేడే ముసలిదాన్ని చేస్తుంది. మీ దగ్గరికి నెల రోజులు వస్తే వంద శాతం నింపి రాకూడదు, సగానికి కాస్త పైన ఉంచి నీడలో పెట్టి రావాలి. బండి యాప్ కూడా ఆయన నంబరుతోనే తెరవండి. మీ నంబరు ఇస్తే ఆయన షోరూమ్‌లో నిలబడి ఉంటాడు, ఓటీపీ మీ ఆఫీసు మీటింగులో మోగుతుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. లైసెన్సు అక్కర్లేని కరెంటు బండి ఇద్దామనుకుంటున్నాం. ఒక వైరు పీకితే 45 స్పీడు కూడా వస్తుందని షాపాయన అంటున్నాడు.

జవాబు: ఆ షాపులో కొనకండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే దానికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. వైరు పీకిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. మైనరు నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడేది తండ్రికి. పిల్లవాడికేమో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నన్నడిగితే పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేసే ఈ-సైకిల్ ఇవ్వండి. సి.క్యాంపు నుంచి కొత్త బస్టాండు దాకా ట్యూషన్లకు అది బాగా సరిపోతుంది. హెల్మెట్ కూడా కలిపే కొనండి.

ప్రశ్న: అనంతపురంలో అక్కకు బండి కొనాలి. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కింద ప్లగ్గు లేదు.

జవాబు: బ్యాటరీ ఊడదీసే బండి చూడండి, హీరో వీడాలో అలాంటివి ఉన్నాయి. అయితే బ్యాటరీ పది కిలోల పైమాటే. అక్క దాన్ని షోరూమ్‌లోనే చేత్తో ఎత్తి పది మెట్లు ఎక్కి చూడనివ్వండి. కష్టమంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడి కింద సబ్‌మీటరుతో ఒక పాయింటు పెట్టించుకోవడం మేలు. పైకి తీసుకెళ్లేట్టయితే మంచం పక్కన, వీధి గుమ్మానికి అడ్డంగా పెట్టి ఛార్జ్ చేయకూడదు, రాత్రంతా వదిలేయకూడదు. బ్యాటరీకి ఏఐఎస్ 156 (బ్యాటరీ భద్రత ప్రమాణం) ధ్రువీకరణ ఉందో లేదో బిల్లు కట్టే ముందే అడగమనండి.